శాకాహారంలో బి12 లోపం: ఒక పరిశీలన

శాకాహారం, మాంసాహారాలలో ఏది ఆరోగ్యకరమన్న ప్రశ్నకు ఒక్కమాటలో సమాధానం లేదు. బ్రిటన్‌లో సుమారు 48 వేల మందిని 18 ఏళ్లపాటు పరిశీలించిన ఎపిక్-ఆక్స్‌ఫర్డ్ అధ్యయన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. మాంసాహారులకంటే శాకాహారులలో గుండె రక్తనాళాల వ్యాధి 22 శాతం తక్కువగానూ, పక్షవాతం 20 శాతం ఎక్కువగానూ కనిపించాయి. ఈ పెరుగుదల ప్రధానంగా మెదడులో రక్తస్రావం వల్ల వచ్చే పక్షవాతానిది. కొలెస్టరాల్ తక్కువగా ఉండటం, బి12 వంటి పోషకాల కొరత ఇందుకు కారణాలు కావచ్చునని పరిశోధకులు భావించారు.

భారతీయ శాకాహారుల విషయంలో బి12 ప్రత్యేక పరిశీలనకు అర్హమైనది. దీనిని మొక్కలూ, జంతువులూ తయారుచేసుకోలేవు, సూక్ష్మజీవులే తయారుచేస్తాయి. నెమరువేసే పశువుల కడుపులోని బ్యాక్టీరియా ఉత్పత్తి చేసిన బి12 వాటి మాంసంలోకీ, పాలలోకీ చేరుతుంది. కనుక పాలు, పెరుగు తీసుకునే శాకాహారికి కొంత రక్షణ ఉంది. నీళ్ల మజ్జిగతో భోజనం ముగించే ఇంట ఆ రక్షణ కూడా పలచనే. కాలేయంలోని నిల్వ కొన్నేళ్లపాటు సరిపోతుంది. అందువల్ల లోపం ఆలస్యంగా బయటపడుతుంది.

ఈ లోపాన్ని మరుగుపరచేది ఫోలిక్ ఆమ్లం. 1928లో బొంబాయి వచ్చిన లూసీ విల్స్, గర్భిణులైన మిల్లు కార్మిక స్త్రీల రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతుందని గుర్తించారు. అందులోని పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలింది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని లెడర్లీ బృందం 1945లో దానిని కృత్రిమంగా సంశ్లేషించింది. అయితే ఫోలిక్ ఆమ్లం రక్తహీనతను సరిచేసినా, బి12 లోపం వల్ల నాడులకు కలిగే హానిని ఆపదు. ఆకుకూరలు, పప్పులు బాగా తినేవారికి ఫోలేట్ తగినంత అందుతుంది. హిమోగ్లోబిన్ సక్రమంగా ఉన్నప్పటికీ పాదాలలో తిమ్మిరి, నడకలో తడబాటు, మతిమరుపు మొదలుకావచ్చు. వీటిని వయోభారంగా భావించి ఉపేక్షించడం పరిపాటి.

తల్లిలో తీవ్రలోపం ఉంటే, తల్లిపాలు మాత్రమే తాగే శిశువు మెడ నిలపడం, నవ్వడం వంటి నేర్చిన చర్యలను సైతం కోల్పోవచ్చు. సకాలంలో గుర్తిస్తే చికిత్స సులభం, చవక. మందుగా ఇచ్చే బి12 కూడా బ్యాక్టీరియా సాయంతో పులియబెట్టే ప్రక్రియ ద్వారా తయారైనదే. శాకాహార నియమానికి అది అడ్డు కాదు.