విశాఖ తీరాన విజయ స్తూపము: పిల్లలకు ఏమి చెప్పాలి?

వేసవి సెలవులు వస్తే మల్కాజ్‌గిరి, సికింద్రాబాదు ప్రాంతాల నుండి ఎన్నో కుటుంబాలు విశాఖపట్నము వెళతాయి. సముద్ర స్నానము, జలాంతర్గామి ముందు ఫోటో, తిరుగు ప్రయాణము. అయితే ప్రియమైన తల్లిదండ్రులారా, ఆ తీరము పిల్లలకు ఒక గొప్ప పాఠశాల.

బీచ్ రోడ్డులోని 'కుర్సురా' జలాంతర్గామి 1969లో మన నౌకాదళములో చేరింది. 1971 యుద్ధ కాలములో అరేబియా సముద్రములో గస్తీ కాసింది. 2001లో విశ్రాంతి పొంది, 2002 నుండి ప్రదర్శనశాలగా ఉంది. లోపల ఇరుకైన పడకలు, చిన్న వంటగది చూపించండి. ఎండ పొడ సోకకుండా రోజుల తరబడి నీటి అడుగున గడిపిన వారి కష్టము పిల్లలకు అర్థమవుతుంది.

దగ్గరలోనే 1996లో నిర్మించిన 'విక్టరీ ఎట్ సీ' స్మారకము ఉంది. 1971 యుద్ధ విజయానికి అది గుర్తు. ఏటా డిసెంబరు 4న, నౌకాదళ దినోత్సవమునాడు, అక్కడ పుష్పగుచ్ఛాలుంచి అమరులకు వందనము చేస్తారు. ఆ యుద్ధములోనే డిసెంబరు 9న 'ఖుక్రీ' నౌక మునిగి మనవారు 194 మంది మరణించారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకను విడువక దానితోనే మునిగిపోయారు.

'విక్రాంత్'ను వెదకుతూ వచ్చిన పాకిస్తాను జలాంతర్గామి 'ఘాజీ' డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ ఈ విశాఖ తీరానికి చేరువలోనే మునిగింది. అందులోని తొంభై మందికి పైగా నావికులలో ఒక్కరూ బ్రతకలేదు. విజయ స్తూపము ఎదుట కనబడే ఆ సముద్రమే వారి సమాధి. వారికీ తల్లులున్నారు.

మన సంఘాలలో సైనిక కుటుంబాలున్నాయి. వారి త్యాగాన్ని గౌరవించడము మన ధర్మము. శత్రువుల కొరకు ప్రార్థించుమన్న ప్రభువు ఆజ్ఞ ఆ గౌరవాన్ని తగ్గించదు. కాపాడినవారి కొరకు కృతజ్ఞత, మరణించిన వారందరి కొరకు దుఃఖము, ఈ రెండూ ఒకే హృదయములో ఉండగలవు. పగ మాత్రము వాటి ప్రక్కన ఇమడదు.

ఈ సముద్రము యుద్ధనౌకలనే కాదు, సువార్తికులను కూడా తెచ్చింది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ దేగ్రాంజ్ 1805లో విశాఖకు వచ్చారు. తెలుగు నేర్చి, ఆనందరాయర్ సహాయముతో సువార్తలను తర్జుమా చేయసాగారు. 1809లో క్రాన్, 1810లో దేగ్రాంజ్ కన్నుమూశారు. వారి కృషి ఫలముగా మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఆ అచ్చును వారిద్దరూ కన్నులార చూడలేదు.

కనుక ఈసారి విశాఖ వెళ్ళినప్పుడు స్తూపము వద్ద రెండు నిమిషాలు మౌనముగా నిలబడండి. ఇరువైపుల కన్నీరు కార్చిన కుటుంబాల కొరకు పిల్లలతో ప్రార్థన చేయించండి. ఆ సాయంకాలము బసలో లూకా సువార్త ఒక అధ్యాయము కలిసి చదవండి. ఫోటోలు వెలిసిపోయినా ఆ ప్రార్థన పిల్లల మనసులో నిలిచియుంటుంది.