ప్రశ్నానుక్రమము – సందిగ్ధ ప్రత్యుత్తరములు

ప్రశ్నావళి మూలమున జనాభిప్రాయమును సేకరించు పద్ధతి నేడు పెక్కు శాస్త్రములలో వ్యాపించినది. ప్రశ్న స్పష్టముగా నుండవలెననియు, ఉత్తరమిచ్చువారి ఎంపిక నిష్పాక్షికముగా జరుగవలెననియు ఎల్లరును అంగీకరింతురు. కాని ఏ ప్రశ్న ముందు, ఏ ప్రశ్న వెనుక అనునది కేవలము సౌకర్యమునకు సంబంధించిన విషయమని పలువురు తలంతురు. ఇది సరికాదు. ప్రశ్నల వరుస ప్రత్యుత్తరమును మార్చగలదు. అంతేకాదు, తనకెంత తెలియును, ఎంత తెలియదు అని మానవుడు తన్ను గూర్చి తాను చేసికొను నిర్ణయమును సైతము మార్చగలదు.

మొదట ప్రసిద్ధమైన ఉదాహరణ మొకటి. 1948లో అమెరికాలో జరిగిన యొక సేకరణమున రెండు ప్రశ్న లడిగిరి. ఇతరదేశముల కమ్యూనిస్టు విలేఖరులను అమెరికాలోనికి రానిచ్చి, చూచినది చూచినట్లు తమ పత్రికలకు వ్రాయనీయవలెనా అనునది ఒకటి. రష్యా అమెరికా విలేఖరులకు అట్టి స్వేచ్ఛ నొసగవలెనా అనునది మరియొకటి. కమ్యూనిస్టు విలేఖరుల ప్రశ్నను ముందుగా అడిగినపుడు నూటికి సుమారు 36 మంది సమ్మతించిరి. రష్యా ప్రశ్న తరువాత అడిగినపుడు సుమారు 73 మంది సమ్మతించిరి. రష్యా ప్రశ్నకును ఇట్టి మార్పే కలిగినది. దానిని ముందడిగినపుడు సుమారు 90 మంది, వెనుక నడిగినపుడు సుమారు 66 మంది ఔననిరి. తమవారికి కోరిన హక్కును ఎదుటివారికి నిరాకరింపరాదను న్యాయబుద్ధి మొదటి ఉత్తరముచే మేల్కొని రెండవదానిని శాసించినది. ఈ ఫలితములను హైమన్, షీట్స్‌లీ అను పరిశోధకులు 1950లో ప్రకటించిరి.

సందిగ్ధతకు మరింత సన్నిహితమైనది 1984లో జార్జి బిషప్, అతని సహచరులు ప్రకటించిన పరిశోధనము. మీ ప్రతినిధి మీ నియోజకవర్గమునకు ప్రత్యేకముగా ఏమి చేసెను, ఏ బిల్లుపై ఎట్లు ఓటు వేసెను అని కొందరిని ముందుగా అడిగిరి. ఇవి కఠినమైన ప్రశ్నలు. పలువురు “తెలియదు” అనిరి. ఆ వెంటనే, ప్రభుత్వ వ్యవహారములను మీరెంత శ్రద్ధతో గమనింతురని అడుగగా, అదే ప్రశ్నను మొదటనే విన్నవారికంటె వీరు తమ శ్రద్ధ తక్కువయని చెప్పిరి. వారి శ్రద్ధ ఆ కొద్ది నిమిషములలో తగ్గలేదు; తమ నోటినుండి వెలువడిన “తెలియదు” అను మాటనే వారు తమ అశ్రద్ధకు సాక్ష్యముగా గ్రహించిరి.

ఇట్టి మార్పులు నిలుకడలేని అభిప్రాయములు గలవారికే సంభవించునని తోచుట సహజము. క్రాస్నిక్, షూమన్ అనువారు 1988లో ఈ ఊహను పరీక్షించిరి. తమ అభిప్రాయము దృఢమనియు నిశ్చితమనియు చెప్పినవారు సైతము ప్రశ్నల వరుస, పదముల కూర్పు మున్నగువాని ప్రభావమునుండి సామాన్యముగా తప్పించుకొనలేదని తేలినది. కావున ఈ విషయమును కేవలము చంచలచిత్తుల లోపముగా ఎంచరాదు. అభిప్రాయము మనస్సున ముందే వ్రాసియుంచిన పత్రము కాదు. ప్రశ్న వినినపుడు మానవుడు తనకు తెలిసిన సర్వమును పరిశీలింపడు. ఆ క్షణమున స్మృతికి సులభముగా అందినదానితో ఉత్తరమును కూర్చుకొనును. ముందు ప్రశ్న ఆ స్మృతిసామగ్రిని చేతికందించుచున్నది.

మాండలికములను సేకరించు మన విద్యార్థులు దీనిని గుర్తింపవలెను. “వచ్చినాడు” అను రూపమును ముందుగా ప్రస్తావించి, పిదప “వచ్చిండు అందురా?” అని అడిగినచో, తన పలుకుబడి దోషమేమోయని శంకించి వక్త “మేమట్లు అనము” అనవచ్చును. అపుడు పుస్తకమున కెక్కునది ఆ గ్రామభాష కాదు, మన ప్రశ్న కలిగించిన సంకోచము.

ఇందుకు ఉపాయములు కలవు. ఉత్తరమిచ్చువారిని యాదృచ్ఛికముగా రెండు వర్గములు చేసి, ప్రశ్నల వరుసను తారుమారు చేసి అడుగవలెను. స్వీయజ్ఞానమును గూర్చిన సామాన్య ప్రశ్నను కఠిన ప్రశ్నలకు ముందుంచినచో ఎట్లు, వెనుక నుంచినచో ఎట్లు అని పోల్చవలెను. ఫలితములతోపాటు ప్రశ్నల వరుసను గూడ ముద్రింపవలెను. “తెలియదు” అను ఉత్తరము ఏ ప్రశ్నల తరువాత వచ్చినదో గుర్తింపవలెను.

ఐనను, రెండు వరుసలలో ఏది యథార్థ సంఖ్యను తెలుపునని వెదకుట వ్యర్థము. 36, 73 అను రెండును తమతమ సందర్భములలో యథార్థములే. సందర్భమును విడిచి సంఖ్యను మాత్రమే ఉదాహరించుటయే అయథార్థము.