ఇంటర్మీడియట్‌లో పాఠ్యాంశాల ఎంపిక

పదవ తరగతి ఫలితాలు వెలువడిన మరునాటి నుంచి ప్రతి సంవత్సరం మా కళాశాల వరండాలో ఒకే ప్రశ్న వినిపిస్తుంది: "సార్, ఏ గ్రూపు మంచిది?" అడిగేవారు తరచుగా తండ్రులే. విద్యార్థి పక్కన మౌనంగా నిలబడి ఉంటాడు. ఈ ప్రశ్నకు ఒక్కమాటలో సమాధానం చెప్పడం సాధ్యం కాదు. ఏ గ్రూపూ దానంతట అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. రెండేళ్ల తరువాత విద్యార్థి ఏ విద్యాలయపు గుమ్మం ముందు నిలబడదలచుకున్నాడో, ఆ గుమ్మం తెరుచుకొనడానికి ఏయే పాఠ్యాంశాలు అవసరమో ముందుగా తెలుసుకొని, అక్కడి నుంచి వెనుకకు ఆలోచించుకొనడమే సరియైన పద్ధతి.

ఉన్నత పాఠశాలకూ విశ్వవిద్యాలయానికీ నడుమ వారధిగా రెండేళ్ల ఇంటర్మీడియట్ విద్యను తీర్చిదిద్దే ఉద్దేశంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో ప్రత్యేక చట్టం చేశారు. నేటికీ తెలంగాణలో ఈ విద్యకు ఆంగ్లం, ద్వితీయ భాష, మూడు ఐచ్ఛికాంశాలు పునాదిగా ఉన్నాయి. గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు కలిస్తే ఎం.పి.సి.; వృక్ష, జంతు శాస్త్రాలతో భౌతిక, రసాయన శాస్త్రాలు చేరితే బై.పి.సి.; అర్థశాస్త్రం, వాణిజ్యాలకు పౌరశాస్త్రం తోడైతే సి.ఇ.సి., గణితం తోడైతే ఎం.ఇ.సి.; చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రాలు కలిస్తే హెచ్.ఇ.సి.

వీనిలో ఒక విశేషాన్ని విద్యార్థులు గమనించాలి. విజ్ఞానశాస్త్ర గ్రూపుల నుంచి బి.ఏ., బి.కాం., న్యాయశాస్త్రాల వైపు మరలవచ్చును గాని, అటు నుంచి ఇటు రావడానికి దారి లేదు. గణితం చదవనివారికి సాధారణంగా ఇంజనీరింగు లేదు. జీవశాస్త్రం చదవనివారికి నీట్ లేదు, వైద్యవిద్య లేదు. జాతీయ రక్షణ అకాడమీలో వాయు, నౌకా విభాగాలలో చేరగోరేవారు భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలు చదివి ఉండాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఆనర్సు చదవాలన్నా గణితం కావాలి. కావున అర్థశాస్త్రం మీద మక్కువ గలవారు సి.ఇ.సి.కి బదులు ఎం.ఇ.సి. గురించి ఆలోచించడం మేలు.

అంతమాత్రాన అందరూ ఎం.పి.సి.లోనే చేరాలని మా అభిప్రాయం కాదు. హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో అయిదేళ్ల న్యాయశాస్త్రానికి ప్రవేశపరీక్ష వ్రాయడానికి ఏ గ్రూపు చదివినా అడ్డులేదు. చార్టర్డ్ అకౌంటెన్సీ తొలి మెట్టుకూ అంతే. చరిత్ర అంటే ప్రాణం పెట్టే బాలుని బలవంతంగా గణితంలో కూర్చోబెడితే రెండు చదువులూ చెడతాయి.

కొన్నేళ్ల క్రిందటి ఒక సంఘటన మేము మరువలేము. ఒక విద్యార్థిని సి.ఇ.సి.లో చేరింది. కారణమేమంటే, అక్క చదివిన పుస్తకాలు ఇంట్లో ఉన్నాయి. రెండవ సంవత్సరం పరీక్ష ఫీజు కట్టే రోజుల్లో మా వద్దకు వచ్చి, "సార్, నేను బి.ఎస్సీ. నర్సింగ్ చదవాలనుకుంటున్నాను. దరఖాస్తులు ఎప్పుడు ఇస్తారు?" అని అడిగింది. ఆ చదువుకు ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు ఉండాలని చెప్పవలసి వచ్చినప్పుడు ఆ అమ్మాయి ముఖం చూడలేకపోయాము. ఆమె చేరిన రోజున దరఖాస్తులు పరిశీలించినవారిలో మేమూ ఉన్నాము. "పై చదువు ఏమి చదవాలనుకుంటున్నావమ్మా?" అని మాలో ఒక్కరూ అడుగలేదు. తరువాత ఆమె బి.కాం. చక్కగానే చదువుకున్నది. అయినను ఆ తప్పులో మా పాలు లేదని చెప్పుకొనలేము.

ఇక మార్కుల మాట. తెలంగాణలో ఎప్‌సెట్ ర్యాంకు నిర్ణయంలో ఇంటర్మీడియట్ మార్కులకు పూర్వం ఇచ్చిన 25 శాతం ప్రాధాన్యం ఇప్పుడు లేదు. అందువల్ల ఇంటర్మీడియట్ పరీక్షలు నామమాత్రమని కొందరు భ్రమపడుతున్నారు. ఐ.ఐ.టి.లో సీటు పొందడానికి సాధారణ వర్గం విద్యార్థికి ఇంటర్మీడియట్‌లో 75 శాతం మార్కులైనా ఉండాలి, లేదా తన బోర్డులో ఉత్తీర్ణులైనవారిలో పై 20 శాతంలోనైనా నిలవాలి. వైద్యవిద్యకు భౌతిక, రసాయన, జీవశాస్త్రాలలో ఉత్తీర్ణత ఉండాలి. ప్రవేశపరీక్షలో ర్యాంకు వచ్చి ఇక్కడ తక్కువైతే ఆ ర్యాంకు నిష్ప్రయోజనం.

అన్నిటికంటె ఎక్కువ నిర్లక్ష్యానికి గురవుతున్నది ద్వితీయ భాష. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే మన పిల్లలు మార్కులు సులభంగా వస్తాయని ఎవరో చెప్పగా, అక్షరమైనా పరిచయం లేని మరొక భాషను ఎన్నుకొంటున్నారు. ఏ భాష నేర్చుకొన్నా మంచిదే. నేర్చుకొనకుండా మార్కులు మాత్రమే తెచ్చుకొనడం మంచిది కాదు. గచ్చిబౌలిలో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ప్రవేశానికి ఉర్దూ చదివిన ఆధారం చూపాలి. నీట్ ప్రశ్నపత్రం తెలుగుతోపాటు 2018 నుంచి ఉర్దూలోనూ లభిస్తున్నది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల కోసం 2022లో ప్రారంభమైన ఉమ్మడి ప్రవేశపరీక్షను కూడా ఈ రెండు భాషలలో వ్రాయవచ్చును. ఉర్దూ, తెలుగు రెండూ చదవను వ్రాయను వచ్చిన విద్యార్థికి రెండు తలుపుల తాళపుచెవులు చేతిలో ఉన్నట్లే. వానిని పారవేసుకొనడం వివేకం కాదు.

విద్యార్థులకు మా సూచన ఇది. చేరకముందే ఒక కాగితం మీద మీకు ఇష్టమైన ఉన్నత విద్యలు మూడు వ్రాసుకొనండి. ప్రతి దానికీ ఎదురుగా కావలసిన పాఠ్యాంశాలు, కనీస మార్కులు, ప్రవేశపరీక్ష పేరు వ్రాయండి. మూడింటికీ దారి విడిచే గ్రూపు ఏదో మీకే తెలుస్తుంది. స్నేహితుడు చేరినాడనో, అక్క పుస్తకాలు ఉన్నాయనో చేరకండి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ప్రవేశాలు జరిగే రోజులలో ఫీజు కౌంటరు కంటె ముందు ఒక బల్ల వేయించి, ఉర్దూలోనూ తెలుగులోనూ మాట్లాడగల అధ్యాపకులను ఇద్దరిని కూర్చోబెట్టండి. ఏ చదువుకు ఏ పాఠ్యాంశాలు కావాలో తెలిపే పట్టికను రెండు లిపులలో గోడపై వ్రేలాడదీయండి. దీనికి అయ్యే ఖర్చు స్వల్పం. తండ్రి పక్కన మౌనంగా నిలబడిన బిడ్డను ఆ బల్ల దగ్గర ఒక్కరైనా పలుకరించి, "నీకేమి చదవాలని ఉంది?" అని అడుగుతారు. ఆ ప్రశ్న చేరే రోజున వినిపించాలి గాని, రెండేళ్లు గడిచిన తరువాత కాదు.