అంతర్జాల కారు పందెములు: కఠినపథమునకు సారథుల సన్నాహము

రథము నడపుటను మన పూర్వులు ఒక విద్యగా ఎంచిరి. నలుడు అశ్వహృదయము నెఱిగినవాడు. ఋతుపర్ణుడు అక్షహృదయమును, అనగా సంఖ్యల మర్మమును ఎఱిగినవాడు. నలోపాఖ్యానమున వీరిరువురును తమ విద్యలను ఒకరికొకరు ఇచ్చుకొనిరి. వాహనము నడపు నేర్పునకు లెక్క తెలిసిన బుద్ధి తోడుకావలెనను భావము ఆ కథయందు ఇమిడియున్నది. నేడు బెంగుళూరులో కొందరు యువకులు తమ గదులలో కూర్చుండి, కంప్యూటరు తెరయెదుట స్టీరింగు పట్టి, వేల మైళ్ల దూరముననున్న వారితో కారు పందెములలో పాల్గొనుచున్నారు. ఈ క్రీడకు ‘సిమ్ రేసింగ్’ అని పేరు. తలిదండ్రులలో పెక్కురు దీనిని పొద్దుపుచ్చు ఆటగా భావించుట సహజము. కాని ఒక కఠినమైన పథమునకు సారథి ఎట్లు సిద్ధపడునో పరిశీలించినచో, ఇందు ధారణ, నిగ్రహము, గణితము అను మూడింటికిని గట్టి పరీక్ష కలదని తెలియగలదు.

క్రీడాస్వరూపము

ఇచట పందెమనగా ద్యూతము కాదు. పరుగు పందెము వంటిదే. భారత ప్రభుత్వము 2022 డిసెంబరులో ఈ-స్పోర్ట్సును క్రీడలలో భాగముగా గుర్తించినది. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టము డబ్బొడ్డి ఆడు ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్సును వానినుండి వేరుపఱచినది.

ఆటకు కావలసినవి స్టీరింగు, పెడళ్లు, తెర, కంప్యూటరు, అంతర్జాల సంబంధము. 2008లో వెలువడిన ‘ఐరేసింగ్’ వంటి కార్యక్రమములలో నిజమైన పందెపు బాటలను లేజరు కిరణములతో కొలిచి, గతుకు గతుకును తెరమీదికి తెచ్చియున్నారు. చక్రములు గతుకుపై పడినపుడు స్టీరింగు చేతిలో అదురును. 2020లో కరోనా వలన నిజమైన పందెములు నిలిచినపుడు ఈ విద్యకు గొప్ప ప్రచారము లభించినది. మార్చి 22న ఫార్ములా 1 నిర్వాహకులు తొలి అంతర్జాల పందెమును జరిపిరి. జూన్ 13, 14 తేదీలలో లె మాన్ 24 గంటల పందెము అంతర్జాలముపై నడిచినది.

బెంగుళూరు యువకులకు ఈ మార్గమెందులకు? కార్టింగు బాటలు నగరమున కలవు. పూర్తి పరిమాణపు పందెపు బాట కావలెనన్న చెన్నై సమీపమునకో, కోయంబత్తూరునకో పోవలెను. కారు, టైర్లు, ఇంధనము, మెకానిక్కులు, ప్రయాణములు – ఈ వ్యయము మధ్యతరగతి కుటుంబమునకు మించినది. బెంగుళూరువాడైన అర్జున్ మైని 2021లో జర్మనీ డి.టి.ఎం. పోటీలలో ప్రవేశించినాడు, కాని అట్టి అవకాశము వేలలో ఒకరికి దొరకుట అరుదు. స్టీరింగు, పెడళ్లు కూడ చౌకైనవి కావు. అయినను ఒకసారి కొన్నచో ఏండ్లతరబడి పనిచేయును. గోడకు కొట్టుకొన్న కారు మరుక్షణమే క్రొత్తది యగును.

పథము

కఠినపథము లన్నింటిలో ప్రథమగణ్యమైనది జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ఉత్తరపథము, అనగా నార్డ్‌ష్లైఫ. 1927లో ప్రారంభమైన ఈ బాట పొడవు 20.8 కిలోమీటర్లు, మలుపులు 73, అత్యున్నత, అతినిమ్న స్థలముల మధ్య భేదము సుమారు 300 మీటర్లు. అడవిలో కొండలెక్కి దిగు ఈ బాటలో పెక్కు మలుపులు దగ్గరకు వచ్చువఱకు కానరావు. ‘ఫ్లూగ్‌ప్లాట్స్’ వద్ద మిట్టపై కారు నేలను విడువజూచును. ‘ఫుక్స్‌రోర’ వద్ద నిట్టనిలువుగా దిగి, పల్లమున నేలకు ఒత్తుకొని, మరల ఎగబ్రాకును. వెంటనే ‘ఆడెనౌఅర్ ఫోర్స్ట్’ అను ఇఱుకు మెలిక ఎదురగును. వేగమునకు మురిసిన క్రొత్తవాడు గడ్డిలో పడునది సాధారణముగా ఇచటనే.

అసలు కాఠిన్యము మలుపులలో కంటె లెక్కలో ఉన్నది. 24 గంటల పందెమునకు ఆధునిక పథమును గూడ కలిపి సుమారు 25 కిలోమీటర్ల చుట్టు ఏర్పఱతురు. మేటి కార్లకును ఒక చుట్టునకు 8 నిమిషములు దాటును. గంట అభ్యాసమున ఏడు చుట్లు మాత్రమే తిరుగగలరు. అనగా ఒక్కొక్క మలుపును ఏడుసార్లు మాత్రమే చూతురు. చెన్నై సమీపమున 3.7 కిలోమీటర్ల బాటపై అదే గంటలో ముప్పదికి పైగా చుట్లు తిరుగవచ్చును. కావున ఇతర బాటలపై చేయి తనంతట నేర్చుకొను పాఠమును ఇచట బుద్ధితో నేర్చుకొనవలసియుండును.

అభ్యాసక్రమము

పిల్లలకు సీసపద్యమును కంఠస్థము చేయించు పద్ధతి ఇందులకు చక్కగా సరిపోవును. పద్యమంతయు ఒకేసారి అప్పగింపుమనరు. పాదము పాదముగా చెప్పించి, పిదప పాదమునకు పాదమును ముడివేయింతురు. అట్లే బాటను అయిదాఱు ఖండములుగా విభజించి, మొదట తక్కువ శక్తిగల కారుతో, ఒక్కొక్క ఖండమును వేర్వేరుగా నేర్చుకొనుట మేలు. మలుపుల పేర్లు వరుసగా అప్పజెప్ప నేర్చినవానికి కన్ను చూడకముందే రాబోవు మలుపు మనస్సునకు తోచును.

తరువాత బ్రేకు గుఱుతులు. పొగ, నీడ, ఇతరుల కార్లు – ఇవి గుఱుతులు కావు. కదలని బోర్డు, కంచె స్తంభము, తారు రంగు మాఱుచోటు గుఱుతులు. వీనిని కాగితముపై వ్రాసికొని, కన్నులు మూసి చుట్టంతయు మనస్సులో నడపుట పలువురు సారథులు పాటించు అభ్యాసము.

మూడవది నిలకడ. ఒక్క చుట్టు అతివేగముగా తిరిగినంత మాత్రమున సిద్ధపడినట్లు కాదు. పది చుట్లు వరుసగా బాట తప్పక తిరిగి, వాని కాలములలో భేదము కొద్ది సెకనులకు మించనప్పుడే సిద్ధపడినట్లు. ఐరేసింగ్‌లో బాట విడిచిన 1, అదుపు తప్పిన 2, ఇతరుల కారును గట్టిగా ఢీకొన్న 4 చొప్పున తప్పుల గుణములు లెక్కింతురు. ఇవి పెరిగినకొలది సారథి భద్రతాంకము తగ్గును. పోటీలో నియమిత సంఖ్య దాటినచో శిక్షయు కలుగును.

నాలుగవది అవధానము. పందెమున సారథి ఒక్క మలుపునే చూచుచుండిన చాలదు. చెవిలో జట్టువారి మాటలు, వెనుకనుండి వచ్చు వేగవంతమైన కారు, మిగిలిన ఇంధనము, టైర్ల అరుగుదల – ఇవన్నియు ఒకేసారి మీదపడును. అవధాని అప్రస్తుత ప్రసంగమునకు బదులు చెప్పుచు, ఘంటానాదములను లెక్కించుచు, పద్యపాదమును ధారణలో నిలుపుకొనుట తెలుగువా రెఱిగినదే. కఠినపథమున సారథి చేయునదియు అటువంటిదే. అందుచేత అనుభవజ్ఞులు అభ్యాసమున కావలెననియే మాటలలో దింపి, ఏకాగ్రత చెదరుచున్నదేమో పరీక్షింతురు.

దూరము, కాలము

బెంగుళూరు సారథికి పై కష్టములకు తోడు మఱియొకటి కలదు. సర్వరు యూరపులో ఉన్నదనుకొందము. బెంగుళూరునకు, ఫ్రాంక్‌ఫర్టునకు నడుమ నేరుగా సుమారు 7,400 కిలోమీటర్లు. గాజు తీగెలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. పోయివచ్చుటకే సెకనులో 74 వేయవ వంతులు పట్టును. కేబుళ్లు చుట్టుదారిన పోవుటచే నిజముగా పట్టు కాలము ఇంకను ఎక్కువ, పదవ వంతు సెకనును మించుట సామాన్యము. గంటకు 200 కిలోమీటర్ల వేగమున కారు పదవ వంతు సెకనులో అయిదున్నర మీటర్లు పోవును. అది ఒక కారు పొడవునకు మించినది. అనగా తెరపై కనబడు ప్రక్కకారు ఉన్నచోటు కాదు, కంప్యూటరు ఊహించినచోటు. కనుక బెంగుళూరునుండి పోటీచేయువాడు ఇతరులకంటె ఎక్కువ ఎడము పాటించుట మర్యాద మాత్రమే కాదు, అవసరము.

జర్మనీలో రాత్రి 8 గంటల పోటీ ఇచట వేసవిలో 11.30కును, శీతకాలమున 12.30కును మొదలగును. ఇల్లంతయు నిద్రించువేళ మేలుకొనవలెను గాన, ముందు రెండుమూడు దినములు నిద్రవేళలు మార్చుకొందురు. వైఫైకి బదులు కేబులు వాడుట, విద్యుత్తు పోయినపుడు నిలుపుటకు యు.పి.ఎస్. అమర్చుట సన్నాహములో భాగములే. ఇరుగుపొరుగువారికి పెడళ్ల చప్పుడు వినరాకుండ క్రింద మందమైన చాప పఱచుట గూడ మఱవరాదు.

భయము లేనిచోట

ఈ విద్యలోని ముఖ్యమైన లోపమును దాచుట న్యాయము కాదు. నిజమైన బాటపై శరీరమే గురువు. వేగము మించినపుడు కడుపులో భయము పుట్టి కాలిని వెనుకకు లాగును. తెరయెదుట ఆ గురువు లేడు. 1976 ఆగస్టు 1న నార్డ్‌ష్లైఫపై నికీ లాడా కారు మంటలలో చిక్కి, అతడు ప్రాణాపాయము వఱకు పోయెను. ఫార్ములా 1 పందెములు మరల ఆ బాటకు రాలేదు. సిమ్ పోటీలో గెలిచి 2011లో నిజమైన పందెములలో ప్రవేశించిన జాన్ మార్డెన్‌బరో నడపుచున్న కారు 2015 మార్చి 28న ఆ ఫ్లూగ్‌ప్లాట్స్ మిట్టపైనే గాలిలోనికి లేచి కంచె దాటెను. ఒక ప్రేక్షకుడు మరణించెను. తెరపై అదే మిట్టపై బోర్లపడిన యువకుడు నవ్వి మరల బయలుదేరును.

తెలుగునేలపై జరిగిన ఉదాహరణము కూడ ఇదే చెప్పును. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్ సాగరు తీరమున ఫార్ములా ఈ విద్యుత్కార్ల పందెము జరిగెను. బాట సుమారు 2.8 కిలోమీటర్లు, మలుపులు 18, ఇరువైపుల గోడలు. ఆ కార్లతో అంతకుముందెన్నడును పోటీ జరుగని బాట యగుటచే సిమ్యులేటరు అభ్యాసమునకు విలువ హెచ్చినది. అయినను ఒకే జట్టువారైన శామ్ బర్డ్, మిచ్ ఎవాన్స్ 3వ మలుపు వద్ద ఢీకొని ఇరువురును పోటీనుండి తొలగిరి. జాన్-ఎరిక్ వెర్న్ గెలిచెను. బాట తెలియుట వేరు, ప్రక్కవానికి చోటిచ్చుట తెలియుట వేరు.

కావున సిమ్ సారథి సన్నాహములో చివరి పాఠము నిగ్రహమే. మొదటి చుట్టులో స్థానము కొఱకు తొందరపడకుండుట, కానరాని మలుపున ముందుకారు పక్కకు దూరకుండుట, తప్పుచేసినపుడు ఒప్పుకొనుట – ఇవి భయము నేర్పనిచోట నియమముగా నేర్చుకొనవలసినవి. తలిదండ్రులు గెలిచితివా యని అడుగుటకు మాఱుగా, ఎన్ని చుట్లు బాట తప్పక తిరిగితివని అడిగినచో పిల్లవాని అభ్యాసమునకు సరియైన దారి చూపినవారగుదురు. తెరపై అలవడిన ఓర్పు బెంగుళూరు వీధులలో నిజమైన వాహనము నడపునాటికి తోడైనపుడే ఈ విద్య సార్థకమగును.