డీజిల్ బండికి విడిచి విడిచి వచ్చే జ్వరం

1897వ సంవత్సరానికి విజ్ఞాన చరిత్రలో రెండు విధాల ప్రాధాన్యం ఉన్నది. ఆ ఏడు ఫిబ్రవరిలో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో రుడాల్ఫ్ డీజిల్ రూపొందించిన ఇంజను నిపుణుల పరీక్షకు నిలిచింది. ఆగస్టులో మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమి జాడను పట్టుకొన్నాడు. ఈ రెంటికీ సంబంధమేమిటని పాఠకులు అడుగవచ్చు. నేరుగా ఏమీ లేదు. కాని మలేరియా జ్వరానికీ, పాతబడిన డీజిల్ బండికి పట్టే ఒక జబ్బుకూ పోలిక ఉన్నది. రెండూ విడిచి విడిచి వచ్చేవే. దారిలో ఉన్నట్టుండి ఆగిపోయిన బండి, మెకానిక్కు వాకిట చేరేసరికి ఏ లోపమూ లేనట్లు నడుస్తుంది. కనిపించని లోపాన్ని వెదకుతూ ఒకదాని తరువాత ఒకటిగా భాగాలు మార్చడం వలన డబ్బు ఖర్చగునే గాని జబ్బు పోదు.

ఇది కేవలం ఖర్చుకు సంబంధించిన విషయం కాదు. ఇంజను ఆగగానే స్టీరింగుకు అందే సాయం ఆగిపోయి చక్రం బరువెక్కుతుంది. బ్రేకులకు బలమిచ్చే శూన్యాన్ని కల్పించే పంపు కూడ ఇంజనుతోనే తిరుగుతుంది కనుక, నిలువ ఉన్న శూన్యం రెండు మూడు నొక్కులకు మించి రాదు. పిమ్మట బ్రేకు పనిచేస్తుంది గాని, కాలితో చాల బలంగా నొక్కవలసి ఉంటుంది. బ్రిటన్ మోటర్వే మీద పిల్లలతో వెళుతుండగా ఇది జరిగితే కంగారుపడక హజార్డు లైట్లు వేసి, బ్రేకును మాటిమాటికీ వదలక ఒకే ఒత్తిడితో నొక్కుతూ, బండిని ఎడమ అంచుకు చేర్చాలి. బండి కదులుతుండగా తాళంచెవి తీయరాదు, స్టీరింగు బిగుసుకుపోతుంది. ఆగిన తరువాత అందరూ ఎడమవైపు తలుపుల నుండి దిగి, రక్షణ కంచె ఆవల నిలువాలి.

ఇక రోగ నిర్ణయానికి వద్దాం. పెట్రోలు ఇంజనులో వలె డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు లేదు. సిలిండరులోని గాలిని పిస్టను సుమారు ఇరవయ్యో వంతుకు కుదించినప్పుడు దాని వేడి 500 డిగ్రీల సెంటీగ్రేడును మించుతుంది. ఆ వేడి గాలిలోనికి చిమ్మిన ఇంధనం తనంతట తానే మండుతుంది. కంప్యూటరు అదుపు లేని పాత ఇంజను ఒకసారి తిరగనారంభించిన పిమ్మట దానికి కావలసినవి గాలి, ఇంధనం మాత్రమే. గాలి తగ్గితే నల్లటి పొగ వచ్చి బలం సన్నగిల్లుతుంది. కనుక హఠాత్తుగా ఆగిన బండిలో ముందుగా అనుమానించదగినది ఇంధనాన్నే.

ఇంధనం రెండు కారణాలుగా ఆగవచ్చు: అది దారిలో చిక్కుకొని ఉండాలి, లేదా ఎవరో తలుపు మూసి ఉండాలి. ఆ తలుపే ఇంజెక్షను పంపు మీద ఉండే సొలినాయిడు కవాటం. తాళంచెవి తిప్పగానే 12 వోల్టుల విద్యుత్తు దానికి అంది కవాటం తెరుచుకుంటుంది. విద్యుత్తు పోగానే స్ప్రింగు దానిని మూసివేస్తుంది. 1980, 1990 దశకాలలో వచ్చిన అనేక జీపులలోనూ వ్యానులలోనూ ఈ ఏర్పాటే ఉన్నది. అరిగిన తాళం స్విచ్చి, వదులైన తీగ, దొంగతనం జరుగకుండ అమర్చిన పరికరంలోని లోపం, వీటిలో ఏది క్షణకాలం విద్యుత్తును ఆపినా ఇంజను చల్లబడినట్లే.

ఆగిన తీరే మొదటి సాక్ష్యం. చేత్తో తాళం తిప్పినట్లు టక్కున ఆగితే విద్యుత్తును అనుమానించాలి. దగ్గుతూ, ఊగుతూ, బలం తగ్గుతూ ఆగితే ఇంధన మార్గాన్ని అనుమానించాలి. ఆగిన వెంటనే డాష్‌బోర్డు వైపు చూడాలి. ఆయిలు, బ్యాటరీల ఎర్రదీపాలు వెలగకపోతే తాళం స్విచ్చి నుండి వచ్చే విద్యుత్తే పోయినదన్నమాట. అవి వెలిగినంత మాత్రాన కవాటానికి విద్యుత్తు అందుతున్నదని చెప్పలేము. అందుకై కవాటపు కొసకు ఒక చిన్న దీపాన్ని కలిపి, తీగను లోపలికి తెచ్చి, పక్కన కూర్చున్నవారికి కనబడేటట్లు పెట్టాలి. ఇంజను ఆగుతున్న క్షణంలో దీపం ఆరితే దోషం విద్యుత్తుది. దీపం వెలుగుతూనే ఉంటే కవాటపు తీగను తీసి మరల తగిలించాలి. టిక్కుమను శబ్దం వినబడితే కవాటం పనిచేస్తున్నదనీ, దోషం ఇంధన మార్గంలో ఉన్నదనీ భావించవచ్చు. వినబడకపోతే కవాటమే చెడి ఉండవచ్చు; కొన్నిటిలో చుట్ట వేడెక్కినప్పుడు మాత్రమే తెగి, చల్లారగానే కలుస్తుంది.

ఇంధన మార్గంలో మొదట చూడవలసినది ట్యాంకుకు గాలి పీల్చే రంధ్రం. అది పూడిపోతే ఇంధనం తరిగేకొద్దీ లోపల శూన్యం ఏర్పడి, కొంత దూరం పోయిన పిమ్మట బండి ఆగుతుంది. మూత తెరువగానే బుస్సుమని గాలి లోనికి పోయి, బండి మరల నడిస్తే కారణం దొరికినట్లే. రెండవది ట్యాంకులోని జల్లెడ. నేడు బ్రిటన్‌లో అమ్మే సాధారణ డీజిలులో 7 శాతం వరకు జీవ ఇంధనం ఉండవచ్చు. అది తేమను ఎక్కువగా పట్టి ఉంచుతుంది. నీరు, నూనె కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి జిగట తయారవుతుంది. నెలల తరబడి ఇండియా వెళ్ళి వచ్చేవారి బండిలో ఇది మరింత సంభవం. ఆ జిగట ప్రవాహపు లాగుడుకు జల్లెడను కప్పి, ఇంజను ఆగగానే జారిపోతుంది. అందువల్లనే పది నిమిషాలు ఆగితే బండి బాగుపడినట్లనిపిస్తుంది.

మూడవది గాలి చొరబాటు. ట్యాంకుకూ పంపుకూ నడుమ గొట్టంలో పగులుంటే, అది లాగుడు వైపు కనుక నూనె బయటకు కారదు. గాలి లోపలికి పోతుంది. నేలమీద చుక్క పడలేదు కనుక గొట్టం బాగున్నదనుకోవడం పొరపాటు. ఇంజెక్షను పంపుకు ముందు డీజిలుకు తట్టుకొనే పారదర్శకపు గొట్టం ముక్కను అమర్చితే బుడగలు కంటికి కనబడతాయి. చివరి పరీక్ష, శుభ్రమైన డబ్బా నుండి నేరుగా ఇంజనుకు ఇంధనమివ్వడం. ఆగుడు పోతే దోషం ట్యాంకు, గొట్టాల వైపు ఉన్నదని తేలుతుంది. ఇది బండిని నిలిపి, మెకానిక్కు సమక్షంలో చేయదగినది. ఇంజను నడుస్తుండగా ఇంజెక్టరు గొట్టాల దగ్గర వేలు పెట్టరాదు. అక్కడి ఒత్తిడికి నూనె చర్మంలోనికి దూసుకుపోతుంది. గాయం చీమ కుట్టినంతే కనిపించినా తక్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఈ పరీక్షలన్నిటికంటె చవకైనది ఒక నోటుపుస్తకం. బండి ఆగిన ప్రతిసారీ తేది, నడిచిన దూరం, ట్యాంకులోని ఇంధనం, వాన, ఎండ, ఎత్తు, మలుపు, ఎర్రదీపాల స్థితి, ఎంతసేపటికి మరల నడిచినదీ వ్రాసి ఉంచాలి. ట్యాంకు పావు వంతుకు దిగినప్పుడే ఆగుతున్నదా? వానరోజులలోనే ఆగుతున్నదా? జ్వరం ఏ వేళకు వచ్చినదని అడిగిన వైద్యునికి రోగి చెప్పే జవాబు వంటిదే ఇదీ. ఆ పుట చూపిన తరువాతనే ఏ భాగాన్నైనా మార్చమని మెకానిక్కును కోరండి.