ఇల్లు కట్టగా మిగిలినది

మన కర్నూలు, కడప సీమలలో పూర్వము ఒక మట్టిమిద్దె పాతబడి కూలితే, దానిలో పారవేయవలసినది దాదాపు ఏమీ ఉండేది కాదు. దూలములు, దంతెలు మరొక ఇంటికి చేరేవి. రాళ్లు మరల గోడలోనికే పోయేవి. ఇక గోడమట్టి నాని, చివికి, పాటిమట్టిగా మారి, బండ్లమీద చేలకు ఎరువుగా వెళ్లేది. నేలనుండి వచ్చిన ఇల్లు నేలకే తిరిగి వెళ్లేదన్నమాట.

నేటి ఇంటి సంగతి వేరు. సిమెంటు, కాంక్రీటు మట్టిలో కలిసిపోవు. బేతంచెర్ల, ఎర్రగుంట్ల ప్రాంతాల నాపరాయి దేశమంతటా "కడప బండ"గా పేరుపొందినది. కాని బండ నునుపు తేలేలోపల గనివద్ద రాతిచెక్కలు గుట్టలు పడుతున్నవి; కోతయంత్రముక్రింద తెల్లని సున్నపురాతి బురద మిగులుతున్నది. ఇది విషము కాదు. అయితే తడిగా పొలముమీద పడితే నేల రంధ్రములను పూడ్చి నీటిని ఇంకనీయదు. ఎండితే గాలికి లేచి ఊపిరితిత్తులలో చేరుతుంది.

పట్టణములలోని శిథిలములు ఎక్కడికి పోతున్నవి? తరచుగా వంకలోనికే. మన వంకలు ఏడాదిలో అనేక మాసములు ఎండి ఉంటవి గనుక, చూచేవారికి అవి ఎవరికీ అక్కరలేని పల్లములుగా తోస్తవి. నిజానికి ఏటికి సుమారు 70 సెంటీమీటర్ల వానతో బ్రతికే ఈ సీమలో, చుట్టుపట్ల బావులకు ఊట నిచ్చేది ఆ వంకలోని ఇసుకయే. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచినవి. 2020 నవంబరులో బుగ్గవంక కడప వీధులలోనికి వచ్చినది. వాటికి మూలము భారీ వర్షములే. అయినను దారి ఇరుకైనకొద్దీ నీరు ఇళ్లలోనికి ఎక్కక తప్పదు.

ఇందుకు ఉపాయము లేకపోలేదు. కాంక్రీటు, మట్టి, ఇటుక, ఇనుము, కలప వేరుచేయాలని 2016 నాటి కేంద్ర నియమములు చెప్పినవి. పగులగొట్టిన కాంక్రీటు కంకరను సాదా కాంక్రీటులో నాలుగవ వంతు వరకు వాడవచ్చునని అదే ఏట భారత ప్రమాణములు అంగీకరించినవి. ఇటుకముక్కలు పునాది గుంతలకు, అరుగులక్రింద నింపుటకు పనికివస్తవి.

కావున గృహస్థులు మేస్త్రీతో కూలి మాట్లాడుకొనే నాడే, "మిగిలిన పెళ్లలు ఎక్కడికి తోలుతావు?" అని కూడ అడగడము మంచిది. ఇల్లు మనదే, వంక మాత్రము ఊరందరిది.