తీతువులు రెండు రకాలు – దుక్కిలో గుడ్లు జాగ్రత్త

రాత్రిపూట తీతువు అరిస్తే ఊరికి కీడని పెద్దలు అనడం కద్దు. నిజానికి అది చావు కబురు కాదు. గుడ్ల దగ్గరకు నక్కో, కుక్కో, మనిషో వస్తే ఆ పిట్ట తన జంటకు, పిల్లలకు చేసే హెచ్చరిక. రాత్రిళ్లు కూడా మేతకు తిరుగుతుంది కనుక చీకట్లోనూ ఆ అరుపు వినిపిస్తుంది.

మన పల్లెల్లోని తీతువులు ఒకటి కాదు, రెండు రకాలు. దగ్గరి చుట్టాలే అయినా వేర్వేరు పక్షులు. రెండింటికీ పొడుగాటి పసుపు కాళ్లే ఉండటంతో చాలామంది ఒక్కటే అనుకుంటారు.

చెరువుల పక్కన, వరి మడి గట్ల మీద తిరిగేది ఎర్ర తీతువు. పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. తల, రొమ్ము నలుపు. కంటి ముందు ఎర్రని తోలుకండ, నల్లని కొన గల ఎర్ర ముక్కు దీని గుర్తులు. గొంతు పెద్దది. ఇరాక్ మొదలు ఆగ్నేయాసియా వరకు ఇది కనిపిస్తుంది.

పసుపు తీతువు చిన్నది. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. దీనికి నలుపు నెత్తిన టోపీలా మాత్రమే ఉంటుంది. దాని కింద తెల్లని గీత, ముక్కు మొదట పసుపు తోలుకండ. రొమ్ము మట్టిరంగు. నీటి పక్కకంటె బీళ్లు, కోత కోసిన మెట్ట చేలు దీనికి ఇష్టం. అరుపు సన్నం. ఇది భారత ఉపఖండంలో తప్ప మరెక్కడా లేదు.

రెండూ గూడు కట్టవు. నేలమీద చిన్న గుంటలో సాధారణంగా నాలుగు గుడ్లు పెడతాయి. మచ్చల గుడ్లు గులకరాళ్లలో కలిసిపోతాయి. ఆడా మగా వంతులవారీగా దాదాపు నాలుగు వారాలు పొదుగుతాయి. ఎండ ముదిరితే పొట్ట ఈకలు నీటిలో తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తాయి.

చిక్కు ఇక్కడే ఉంది. పసుపు తీతువు ఎక్కువగా గుడ్లు పెట్టేది మార్చి నుంచి మే వరకు. వేసవి దుక్కులూ అప్పుడే. నేలలోని పురుగుల కోశాలు చావడానికి ఆ దుక్కి మంచిదే. కాని ట్రాక్టరు మీద కూర్చున్నవారికి గుడ్లు కనపడవు. పెంకు పురుగులను, చెదలను తిని రైతుకు మేలు చేసే పిట్ట సంతానం నాగలి కింద నలిగిపోతున్నది.

దున్నేటప్పుడు తీతువు తలపై చక్కర్లు కొడుతూ గోల పెడితే దగ్గరలో గుడ్లున్నట్లే. ఒక్క నిమిషం ఆగి చూసి, ఆ చోట నాలుగడుగులు వదిలి దున్నితే రైతుకు పోయేదేమీ లేదు. కీడు పిట్ట అని రాయి విసిరే ముందు, ఆ అరుపు ఎందుకో ఆలోచించడం మంచిది.